సీజను అయ్యాక

లైల్ హర్యు తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాచి, మూడో అరలోంచి చిన్న అట్టపెట్టె తీశాడు. దాని మీది నంబరు చదవలేదు. ముప్పై ఏళ్లకు పైగా అదే అర ముందు నిలబడ్డాక చదవాల్సిన అవసరం చేతికి లేదు.

కౌంటరుకు అవతల ఉన్న గడ్డం మనిషి అరచేతిలో పెసరగింజంత ఇత్తడి ముక్క ఉంది. కార్బురేటర్లోంచి ఊడదీసిన జెట్టు. దాని నడుమ ఉండే వెంట్రుకవాసి రంధ్రం ఆకుపచ్చ జిగురుతో పూడిపోయింది.

"మంచు పడకముందు పెట్రోలు తీసేశావా?" లైల్ అడిగాడు.

"తీద్దామనే అనుకున్నానయ్యా. ఈలోపు లేళ్ల వేట మొదలైపోయింది."

"లేళ్లు ఆగవు, నిజమే. పెట్రోలు మాత్రం ఎక్కడికీ పోలేదు చూడు, అక్కడే కూర్చుని గడ్డకట్టింది."

గడ్డం మనిషి పెద్దగా నవ్వాడు. "దీన్ని తీగతో పొడిస్తే సరిపోదా?"

"సరిపోతుంది. రంధ్రం కూడా పెద్దదైపోతుంది. అప్పుడు బండి కల్లు తాగినట్టు పెట్రోలు తాగుతుంది. సోమవారం మళ్లీ ఇదే జెట్టు కోసం నా దగ్గరికే వస్తావు." అని, కాస్త ఆగి, "వైనో అట్లా అంటాడు" అని చేర్చాడు.

ఏ సలహా చెప్పినా చివర షాపు మెకానిక్ వైనో పేరు తగిలించడం లైల్ అలవాటు. తన సొంత మాట అని అతనెప్పుడూ ఏదీ చెప్పలేదు.

మే నెలలో మొదటి వెచ్చని శనివారం అది. పార్కింగు స్థలం మూలన పోగుపడ్డ మంచు దిబ్బ నల్లబడి, చివికిన దుప్పటిలా కరుగుతోంది. ఊళ్లో ప్రతి షెడ్డు తలుపూ ఆ ఉదయమే తెరుచుకున్నట్టుంది. చలికాలమంతా పడుకున్న బళ్లు లేవనంటున్నాయి. వాటి యజమానులంతా ఈ కౌంటరు దగ్గరికి వచ్చారు. వేసవిలో మోటారుసైకిళ్లు, చలికాలంలో మంచు మీద పరుగెత్తే మంచుబళ్లు. ఆ షాపులో ఒక సీజను పోకముందే ఇంకో సీజను తలుపు తట్టేది. "ఇప్పుడు కాదు, సీజను అయ్యాక" అని లైల్ ఎన్నిటికి అన్నాడో లెక్కలేదు. అతను పెళ్లాడదామనుకున్న జాయిస్, గ్రీన్ బే నగరంలో ఉద్యోగం దొరికి తనతో రమ్మన్నప్పుడూ అదే అన్నాడు. ఆమె ఒక వేసవి చూసింది, ఒక చలికాలం చూసింది. తర్వాత అక్కడే ఎవరినో చేసుకుంది.

లైల్ మనిషి పొడుగరి. కౌంటరు ఎత్తుకు తగ్గట్టు వంగి వంగి భుజాలు ముందుకు వచ్చేశాయి. కుడి మోచేయి ఆనించే చోట చెక్క అంచు నునుపుదేరి పల్లం పడింది. అతని మోచేతి చర్మం కూడా అలాగే, పాత చెప్పు అడుగులా గట్టిపడింది. బూడిదరంగు చొక్కా జేబు మీద ఎర్ర దారంతో పేరు కుట్టి ఉంది. గోళ్లు శుభ్రంగా ఉంటాయి. మోటారుసైకిళ్ల షాపులో ఇంత శుభ్రమైన గోళ్లు ఇంకెవరికీ లేవని అతనికి తెలుసు. అది తెలిసి ఏనాడూ సంతోషించలేదు.

ఎందుకంటే అతను ఈ షాపులోకి మెకానిక్ అవుదామని వచ్చాడు.

యజమానురాలు బెవ్ తన గదిలోంచి బయటికి వచ్చింది. ఆమె తండ్రి ఆర్నీ పెట్టిన షాపు ఇది. "లైల్, టెరీ ఫోన్ చేసింది. మూసేవేళకి వస్తుందట. దాని బండి అట్లాగే ఇచ్చేస్తా. ఆ ముక్కలన్నీ ఒక సంచిలో వేసి పెట్టు. పొరుగూళ్లో ఎవరిచేతైనా చేయించుకుంటుంది."

టెరీ కాగితం మిల్లులో పనిచేసే మనిషి. ఆమె బండికి నాలుగు కార్బురేటర్లు. చలికాలంలో వైనో వాటిని విప్పి, ఏ కార్బురేటర్ సామాను ఆ గుంటలో పడేలా మఫిన్లు కాల్చే రేకులో పేర్చుకున్నాడు. మర్నాడు పక్షవాతం వచ్చింది. అప్పటి నుంచి ఆ రేకు మీద ఎవరూ చెయ్యి వేయలేదు. పైన ఒక గుడ్డ కప్పి ఉంది, అంతే.

"సోమవారం వడ్రంగి వస్తున్నాడు," బెవ్ గొంతు తగ్గించింది. "వైనో బల్ల తీయించేస్తా. అక్కడ హెల్మెట్లు పెడదాం. ఏం చెయ్యమంటావు? డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఇంక రాడు."

"నేను చేస్తాను," అన్నాడు లైల్.

"ఏంటి, సంచిలో వెయ్యడమా?"

"కాదు. బండి. కార్బురేటర్లు నేను బిగిస్తాను."

బెవ్ కళ్లద్దాలు తీసి చూసింది. "నువ్వు ఎప్పుడైనా చేశావా?"

"వాటి రిపేరు కిట్లు అమ్మాను."

"లైల్, నేను రొట్టెలు కొంటాను. రొట్టెల భట్టీ నడపలేను."

"సాయంత్రానికి అవ్వకపోతే సంచిలో వేసి ఇచ్చేద్దాం." అతని చెవులు ఎర్రబడ్డాయి. "వైనో విప్పాడు బెవ్. విప్పినవాడి బల్ల మీద అట్లాగే పడి ఉండకూడదు."

బెవ్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. తర్వాత కౌంటరు వెనక్కి వచ్చి, అతని మోచేతి పల్లంలో తన మోచెయ్యి పెట్టుకుని నిలబడింది. "వెళ్లు మరి. నాకు ఒక్క నంబరూ తెలీదు, గుర్తుంచుకో."

వెనక గదిలో కిటికీ పక్కన వైనో బల్ల. లైల్ గుడ్డ తీశాడు. రేకులో ఆరు గుంటలు. నాలుగింటిలో నాలుగు కార్బురేటర్ల సామాను, ఐదోదాంట్లో అందరివీ కలిసిన మరలు. ఆరోది ఖాళీ. పక్కనే కార్బురేటర్ ఒళ్లు నాలుగూ వరసగా ఉన్నాయి. జెట్లు పొడిచే సన్నని గిటారు తీగ ముక్క మేకుకు వేలాడుతోంది. అది వైనో చేతికే గాని ఇంకొకరి చేతికి ఇవ్వదగ్గది కాదని లైల్ కౌంటరులో వందలమందికి చెప్పాడు. ఇప్పుడు దాన్ని ముట్టుకోకుండా, ద్రావకంలో నానేసి, కంప్రెసర్ గాలితో ఊదాడు.

మొదటిదీ, రెండోదీ బాగానే సాగాయి. మూడోదానికి వైనో ఫ్లోట్ తీయలేదు. పెట్రోలు మట్టాన్ని బట్టి పైకీ కిందికీ ఊగే బోలు డబ్బా అది. దాన్ని పట్టి ఉంచే పిన్ను, అగ్గిపుల్లలో సగం కూడా ఉండదు. ఆ పిన్ను అటూ ఇటూ రెండు సన్నని కొమ్ముల్లోంచి దూరి ఉంటుంది. కొమ్ములు కార్బురేటర్ ఒంట్లోంచే పోతపోసినవి. గట్టిగా కొడితే పుటుక్కున విరుగుతాయి. విరిగాయా, అతకవు. మొత్తం పారేయాల్సిందే.

పిన్ను తుప్పుపట్టి బిగుసుకుంది. లైల్ సుత్తి అందుకున్నాడు. చెయ్యి పైకి లేవలేదు.

షాపులో చేరిన మొదటి వారంలో ఆర్నీ అతనికి ఇలాంటిదే ఒకటి ఇచ్చాడు. పిన్ను రాలేదు. అతను ఇంకొంచెం గట్టిగా కొట్టాడు. పుటుక్కుమన్న ఆ చప్పుడు ఎంత చిన్నదో, బల్ల మీద గింజంత కొమ్ము ముక్క ఎలా దొర్లిందో అతనికి ఈనాటికీ గుర్తుంది. ఆర్నీ వచ్చి చూశాడు. తిట్టలేదు. "రేపు ముందు కౌంటరు దగ్గర నిలబడు" అన్నాడు. లైల్ వెళ్లి నిలబడ్డాడు. అంతే. ఆ తర్వాత ప్రతి చలికాలమూ, పని పల్చబడ్డప్పుడు, వైనో రెండో ముక్కాలిపీట బల్ల దగ్గరికి లాగి "రారా, కూర్చో, చూపిస్తా" అనేవాడు. లైల్ "ఈ సామాను లెక్క తేలనీ", "ఈ సీజను అవ్వనీ" అనేవాడు. ఆ పీట మీద క్రమంగా అట్టపెట్టెలు చేరాయి.

ఈ ఉదయం ఆ పెట్టెలు దించి ఆ రెండో పీట మీదే కూర్చున్నాడు. వైనో పీట జోలికి పోలేదు.

మధ్యాహ్నం అతను మూడో కార్బురేటర్ ఒంటిని సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, రొట్టె సంచిలో చుట్టుకుని వైనో ఇంటికి నడిచాడు. దారిలో మాంసం కూరిన పాస్టీలు రెండు కొన్నాడు. సరస్సు మీంచి గాలి ఇంకా ఐసుముక్కలా తగులుతోంది. ఒడ్డున మిగిలిన మంచు పలకలు ఒకదానికొకటి రాసుకుని గలగలమంటున్నాయి.

వైనో పెరట్లో సౌనా గది పొగగొట్టంలోంచి పొగ లేస్తోంది. శనివారం కదా, ఆవిరిస్నానం కోసం ఇర్మా పొద్దుటి నుంచే పొయ్యి రాజేసింది. ఆమె వెనకతలుపు దగ్గర చేతులు తుడుచుకుంటూ కనిపించింది.

"రా నాయనా. నా మఫిన్ల రేకు తెచ్చావా?"

"ఇంకా లేదు ఇర్మా. నిండా సామాను ఉంది."

"మా అత్తగారు నా పెళ్లికి ఇచ్చింది. రెండు రోజులు వాడుకుని ఇస్తానని పట్టుకుపోయాడు ఈ మహానుభావుడు. మనవలు పుట్టారు, మీసాలొచ్చాయి. వాళ్లకి ఒక్క మఫిన్ చేసి పెట్టలేదు నేను."

"రేకు ఉన్నప్పుడు మాత్రం చేసిందా ఏమన్నా," లోపలి నుంచి వైనో గొంతు వినిపించింది. పక్షవాతం తర్వాత అతని మాటలు ఒకవైపు కుంటుతున్నాయి, కానీ వెటకారం కుంటలేదు.

"సాయంత్రం తెచ్చిస్తాను," అన్నాడు లైల్.

"ఏడ్చావులే. ఆ సంచిలో ఏంటి? పెట్రోలు కంపా?"

"కడిగాను ఇర్మా."

"ఆయనా అదే అనేవాడు. పాతికేళ్లు నా పక్కన కార్బురేటర్‌ని కూర్చోబెట్టుకుని స్నానం చేశానయ్యా నేను. చుట్టాలొచ్చినా పై మెట్టు దానికే."

అది నిజం. బిగుసుకున్న పిన్నులూ మరలూ ఉంటే వైనో వాటిని శనివారం ఇంటికి తెచ్చి సౌనాలో పై మెట్టు మీద పెట్టేవాడు. మనిషికి ఒళ్లు సడలినట్టే లోహానికీ సడలుతుందనేవాడు. అదొక్కటీ అతని సొంత పద్ధతి. ఏ పుస్తకంలోనూ లేదు.

వైనో కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. ఒకప్పుడు తలుపు నిండా ఉండే మనిషి. ఇప్పుడు చొక్కా అతన్ని వేసుకున్నట్టు ఉంది. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది, ఎవరో మరిచిపోయిన తొడుగులా. ఎడమచేత్తో సంచి తీసుకుని లోపలున్నదాన్ని తడిమాడు.

"టెరీ బండిది. మూడోది. చేస్తున్నదెవడు?"

"నేనే."

వైనో చాలాసేపు చూశాడు. "పిన్ను కొట్టావా?"

"లేదు."

"ఎందుకని?"

లైల్ పాస్టీల పొట్లం బల్ల మీద పెట్టాడు.

"ఒరేయ్, ఇంకా ఆ కొమ్ము గురించేనా?" వైనో నవ్వబోతే సగం మూతే నవ్వింది. "నా షెడ్డు అటక మీద బకెట్ ఉంది, పోయి చూడు. అన్నీ నేను విరగ్గొట్టినవే. మెకానిక్ అంటే ఎవడనుకున్నావు? విరగ్గొట్టి మర్నాడు మళ్లీ వచ్చి కూర్చునేవాడు."

"నన్ను ఆర్నీ పంపేశాడుగా."

"పంపేశాడా? రోజర్‌గాడు కౌంటరు దగ్గర ఉండేవాడు, గుర్తుందా? ఆ సాయంత్రం వాడు ఇంటి కప్పు మీద మంచు తోస్తూ కిందపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వాడొచ్చేదాకా నిన్ను నిలబడమన్నాడు ఆర్నీ. శిక్ష కాదురా అది."

"రోజర్ మళ్లీ రాలేదు."

"నువ్వూ రాలేదు."

పొయ్యి మీద కాఫీ కుండ కుతకుతమంటోంది. ఇర్మా యాలకుల రొట్టె కోసి బల్ల మీద పెట్టింది. లైల్ ఒక ముక్క తీసుకున్నాడు గాని నోట్లో పెట్టుకోలేదు. ఏళ్ల తరబడి తన మీద వేసుకున్న తాళం ఎవరూ వేయలేదని తెలిస్తే మనిషి ఎటు చూడాలో అతనికి తెలియలేదు. చేతిలోని రొట్టెను చూశాడు.

"తినేసి పద," అన్నాడు వైనో. "పొయ్యి కాగింది."

పక్షవాతం వచ్చాక వేడిగదిలోకి వెళ్లొద్దని డాక్టరు వైనోతో గట్టిగా చెప్పాడు. సౌనాకు ముందు బట్టలు మార్చుకునే చిన్న గది ఉంది. లైల్ అతన్ని భుజం పట్టి నడిపించి అక్కడి బెంచీ మీద కూర్చోబెట్టాడు. తను చొక్కా బొత్తాలు విప్పకుండానే వేడిగదిలోకి వెళ్లి, కార్బురేటర్‌ను పై మెట్టు మీద పెట్టి, కింది మెట్టు మీద కూర్చున్నాడు. భూర్జ కట్టెల వాసన. క్షణాల్లో చెమట కళ్లలోకి కారింది.

"నీళ్లు పోయకు రాళ్ల మీద," బయటి నుంచి వైనో అరిచాడు. "అది చుట్టం కాదు. పొడి వేడే కావాలి."

"ఎంతసేపు?"

"చెయ్యి పెడితే నువ్వు నన్ను తిట్టేంత వేడెక్కాలి."

లైల్ కూర్చున్నాడు. తలుపు సందులోంచి వైనో మోకాలు, దాని మీద వాలిన ఎడమచెయ్యి మాత్రం కనిపిస్తున్నాయి. ప్రతి శనివారమూ ఈ మనిషి తనను ఇక్కడికి పిలిచేవాడు. లైల్ ఒక్కసారీ రాలేదు. తన అద్దె గదిలో ఒక్కడే కూర్చుని మర్నాటి సామాను గురించి ఆలోచించేవాడు. ఆదివారం షాపు ఉండదని తెలిసి కూడా.

కార్బురేటర్‌ను తువ్వాలులో పట్టుకుని గడప దగ్గరికి తెచ్చి, జేబులోంచి మేకూ చిన్న సుత్తీ తీశాడు. "ఇటు పెట్టు," అని వైనో ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ చాచి, ఒక కొమ్మును రెండువైపుల నుంచీ అదిమి పట్టుకున్నాడు.

"కాలుతుంది వైనో."

"కాలనీ. ఈ చేతికైనా తెలుస్తోంది, సంతోషించు. పిన్ను తల ఎటుంది?"

"నీ వైపు."

"అయితే నీ వైపు నుంచి తట్టు. మేకు మొన అరగదీసి ఉండాలి. ఆఁ, అదే. కొట్టకు. లోపల ఎవరో నిద్రపోతున్నారు, నువ్వు తలుపు తట్టాలి. తియ్యకపోతే మళ్లీ తట్టాలి. అంతే."

లైల్ తట్టాడు. ఏమీ కాలేదు. మళ్లీ తట్టాడు. చెమటచుక్క ముక్కు కొననుంచి రాలి వైనో వేలి మీద పడింది. మళ్లీ.

"కదిలింది," అన్నాడు వైనో.

"లేదే."

"కదిలిందిరా. నా వేళ్లకు తెలిసింది."

తర్వాతి దెబ్బకు లైల్‌కీ తెలిసింది. దారం జారినట్టు పిన్ను మెల్లగా జరిగి, వైనో వేళ్ల మధ్య నుంచి తల బయట పెట్టింది. లైల్ దాన్ని లాగాడు. రెండు కొమ్ములూ నిటారుగా నిలబడే ఉన్నాయి. అతను వాటిని వేలితో తాకి చూశాడు. ఇంకోసారి తాకాడు. నవ్వాలో ఏం చెయ్యాలో తెలియక తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"చాల్లే," అన్నాడు వైనో. వేళ్ల కొనలు ఎర్రగా కందాయి. వాటిని నోటితో ఊదుకుంటున్నాడు. "పాత పిన్ను మళ్లీ వాడకు. నీ అరలో కొత్తది ఉంటుందిగా. నంబరు చెప్పనా?"

"నాకు నువ్వు నంబరు చెబుతావా!"

ఇద్దరూ నవ్వారు. ఇర్మా పెరట్లోంచి "ఏంటక్కడ?" అని కేకేసింది.

"ఇంట్లోకి వెళ్దామా?" లైల్ చెయ్యి అందించాడు.

"కాసేపు ఇక్కడే కూర్చుంటా. వేడిగది తలుపు కొంచెం తీసి ఉంచు. ఎన్నాళ్లయిందో ఈ వాసన చూసి."

"డాక్టరు..."

"లోపలికి వెళ్లొద్దన్నాడు. ఇది బయట. నువ్వు పో, బండి చూసుకో. సాయంత్రం స్నానానికి రా. ఎట్లా మోగిందో చెబుదువుగాని."

"వస్తాను," అన్నాడు లైల్. ఇంత వెంటనే దేనికైనా ఆ మాట అన్నట్టు అతనికి గుర్తులేదు.

తలుపు కాస్త తీసి ఉంచి, సంచి పట్టుకుని బయటికి నడిచాడు. పెరడు దాటుతూ వైనో అక్కడే కూర్చున్నాడని ఇర్మాకు చెప్పాడు. ఆమె "కాసేపాగి తీసుకొస్తాలే, ముందు లోపల పొయ్యిలో రొట్టె మాడకుండా చూసుకోనీ" అంది.

షాపులో బెవ్ జుట్టు రేగిపోయి ఉంది. "చైను లింకుల డబ్బా ఎక్కడ చచ్చింది లైల్?"

"కింది అర, ఎడమ. నీ మోకాలి దగ్గర."

అతను రెండో పీట మీద కూర్చున్నాడు. చేతులు ఉదయం కంటే తేలిగ్గా ఉన్నాయి. తను ఎప్పుడూ చేయని పని అది. అయినా కొత్తగా అనిపించలేదు. ఎక్కడ ఏది పోగొట్టుకుంటారో అతనికి తెలుసు. సర్దుబాటు మర కింద స్ప్రింగు, స్ప్రింగు కింద వాషరు, వాషరు కింద ఆవగింజంత రబ్బరు రింగు. ఆ రింగు రంధ్రం అడుగునే అతుక్కుని ఉండిపోతుంది. గాలి ఊదగానే ఎగిరి ఎటో పోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లందరూ మర్నాడు సిగ్గుపడుతూ కౌంటరుకు వచ్చి అదే అడిగేవాళ్లు. లైల్ చదువంతా అలా తిరిగి వచ్చినవాళ్ల తప్పుల్లోంచి పోగైందే. రింగును సూదితో జాగ్రత్తగా పైకి తీసి కొత్తది వేశాడు. కొత్త పిన్ను వేలితో తోస్తే దూరింది. పాత పిన్నును రేకులో ఖాళీగా ఉన్న ఆరో గుంటలో పడేశాడు. టంగుమంది.

"ఆ నీలం మంచుబండికి స్పార్క్ ప్లగ్గు నంబరు?" బెవ్ అరిచింది.

అతను చెప్పాడు.

"మంచుబండికి ఇప్పుడెందుకట?"

"సీజను అవ్వకముందే కొనుక్కునే బుద్ధిమంతుడు ఒకడుంటాడు. ఇచ్చి పంపు."

నాలుగోదానికి అడుగుగిన్నె బిగిస్తుండగా ముందుగదిలో ఫోను మోగింది. బెవ్ తీసింది. "ఆఁ ఇర్మా" అంది. ఆ తర్వాత ఏ మాటా వినిపించలేదు. కౌంటరు దగ్గర ఎవరో దగ్గారు. స్ప్రింగు తలుపు తోసుకుని బెవ్ వచ్చి నిలబడింది. లైల్ మర బిగించడం ఆపాడు.

"బయటి గదిలోనే," అంది బెవ్. "గోడకి ఆనుకుని కూర్చునే ఉన్నాడట. నిద్రపట్టిందనుకుందట. కాఫీ తీసుకెళ్లి లేపితే..."

లైల్ చేతిలోని స్క్రూడ్రైవరు వైపు చూశాడు.

"ఒళ్లు వెచ్చగా ఉంది అంటోంది. చలి వెయ్యకుండా పోయాడని లైల్‌తో చెప్పు అంది."

"తలుపు తెరిచే ఉందటా?"

"ఏ తలుపు?"

లైల్ స్క్రూడ్రైవరును మళ్లీ మర మీద ఆనించాడు.

"షాపు మూసేద్దాం," అంది బెవ్. ఆమె ముక్కు ఎర్రబడింది.

"టెరీ వస్తుందిగా."

బెవ్ ముందుగదిలోకి వెళ్లింది. లైల్ మిగిలిన మరలు బిగించాడు. ఎదురెదురు మూలలు, ఒక్కొక్కటీ కొంచెం కొంచెం. తర్వాత నాలుగింటినీ కలిపి బండికి ఎక్కించాడు. రబ్బరు మూతులు మొండికేస్తే భుజంతో తోశాడు. మెటికల మీద చర్మం లేచిపోయింది. గోళ్ల సందుల్లో నలుపు చేరింది. ఆ నలుపు చూసుకోవడానికి అతనికి మనసు రాలేదు.

టెరీ హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చింది. మిల్లు బట్టల్లోనే ఉంది. "నిజంగానే అయిందా? మళ్లీ మంచు పడేదాకా ఆగాల్సొస్తుందనుకున్నా!"

లైల్ పెట్రోలు విప్పి, చోక్ లాగి, స్టార్టరు నొక్కాడు. బండి దగ్గింది. ఆగింది. మళ్లీ నొక్కాడు. దగ్గింది, వణికింది, పట్టుకుంది. నీలం పొగ గది నిండింది. మూడు సిలిండర్ల చప్పుడే వినిపిస్తోంది. ఒకటి కుంటుతోంది. లైల్ కళ్లు మూసుకుని విన్నాడు. కాసేపటికి సౌనాకు వెళ్లొచ్చిన ఆ మూడోది కూడా వచ్చి కలిసింది. నాలుగూ ఒక్క గొంతుతో మోగాయి. కిటికీ అద్దం సన్నగా అదిరింది.

"అదీ! వైనో చెయ్యి పడితే ఇదిరా తేడా!" టెరీ లైల్ వీపు మీద చరిచింది. "ఎట్లా ఉన్నాడు ముసలాడు? నేను అడిగానని చెప్పు. నా బండి పిల్లిలా గురగురమంటోందని చెప్పు."

బెవ్ తలుపు దగ్గర నిలబడి లైల్ వైపు చూసింది.

"చెప్తాను," అన్నాడు లైల్.

టెరీ బండెక్కి, మంచు దిబ్బ పక్క నుంచి మలుపు తిరిగి, సరస్సు రోడ్డు పట్టింది. ఆ చప్పుడు చాలా దూరం వినిపించింది. అది వైనో ఇంటి వైపు రోడ్డే.

"ఎందుకు చెప్పలేదు? ఆయన సంగతీ, నీ సంగతీ?" అంది బెవ్.

"చలికాలమంతా ఎదురుచూసింది. ఇంటికి వెళ్లేదాకా నడుపుకోనీ."

బెవ్ తల ఊపింది. వైనో బల్ల దగ్గరికి వెళ్లి అంచు మీద చెయ్యి పెట్టింది. "వడ్రంగిని రావద్దని చెబుతా. ఇక్కడ నువ్వు కూర్చుంటావా లైల్? కౌంటరుకి ఎవరినైనా చూస్తాను."

"సీజను అయ్యాక," అన్నాడు లైల్.

మాట నోటి నుంచి దానంతటదే వచ్చేసింది, తల తిప్పకుండా చెయ్యి అర వైపు వెళ్లినట్టు. అతను ఉలిక్కిపడ్డాడు. దాన్ని వెనక్కి తీసుకుందామని నోరు తెరిచాడు. బెవ్ అప్పటికే "సరే, నీ ఇష్టం" అని కళ్లు తుడుచుకుంటూ తాళాల కోసం వెళ్లిపోయింది. వెనకాలే వెళ్లి చెప్పవచ్చు. పది అడుగులు కూడా లేదు. లైల్ కుళాయి తిప్పాడు.

ఇర్మాకు ఇచ్చిన మాట ఒకటి ఉంది. అదైనా తీర్చాలి. మఫిన్ల రేకును సింకులో పెట్టి, సబ్బు వేసి, ఒక్కో గుంటనూ వేలితో రుద్దాడు. ఏళ్ల నాటి పెట్రోలు జిడ్డు కింద నుంచి తెల్లని రేకు బయటపడింది. ఇంక దీంట్లో మఫిన్లు ఎవరూ కాల్చరు. అయినా ఆవిడ వస్తువు ఆవిడకి చేరాలి. అయిదు గుంటలయ్యాక ఆరోదాని దగ్గర చెయ్యి ఆగింది.

బయట బెవ్ తాళాలు గలగలలాడించింది. "వస్తున్నావా? ఇర్మా దగ్గర ఎవరూ లేరు."

"వస్తున్నా," అని అతను కోటు తీసుకున్నాడు. దీపం ఆర్పాడు. సగం దారి వెళ్లాక గాని చేతులు ఖాళీగా ఉన్నాయని అతనికి తెలియలేదు.

కిటికీలోంచి పడుతున్న చివరి వెలుతురులో మఫిన్ల రేకు సింకులోనే ఉంది. అయిదు గుంటలు తళతళ మెరుస్తున్నాయి. ఆరోదాంట్లో, కడగని జిడ్డు మీద, అగ్గిపుల్లలో సగమైనా లేని ఆ పాత పిన్ను.